గేటు దాటాక: మాస్టారి జవాబులు

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. నేను లాయర్ని కాను. సెంట్రల్ జైలు ఫ్యాక్టరీలో ఖైదీలకు వడ్రంగం నేర్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉచిత న్యాయసహాయం ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వలంటీరుని. చట్టం సంగతులు అక్కడి ప్యానెల్ లాయర్లను అడిగి రాస్తాను. పని సంగతులు మాత్రం నావే, తిట్టాలనుకుంటే నన్నే తిట్టండి. ఉత్తరాల్లో పేర్లు తీసేసి, ఊళ్లు ఉంచాం.

మాస్టారూ, మా తమ్ముడు 2010లో పొలం గట్టు తగాదాలో జరిగిన హత్య కేసులో లోపలికి వెళ్లాడు. జీవితఖైదు పడింది. క్షమాభిక్షలో ఈమధ్యే వచ్చాడు. లోపల వడ్రంగం నేర్చుకున్నాడు, సర్టిఫికెట్ ఉంది. ఇక్కడ మాడ్యులర్ కిచెన్లు చేసే షాపులో బతిమాలి చేర్పించాను. నాలుగు రోజులు వెళ్లి మానేశాడు. "వీడికి పనే రాదు" అన్నాడు ఓనరు. వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. ఏం చేయమంటారు? – ఒక అక్క, తుని

అమ్మా, మీ తమ్ముడికి పని వచ్చు. ఆ షాపులో జరిగే పని రాదు, అంతే.

జైలు ఫ్యాక్టరీలో మేం చేయించేవి గవర్నమెంటు ఆఫీసులకు బల్లలు, స్కూళ్లకు డెస్కులు, బెంచీలు. అంతా చెక్క సామాను. కలప చిత్రిక పట్టాలి, ఉలితో బెజ్జం కొట్టాలి, జాయింటు బిగుతుగా దిగిందో లేదో చేత్తో తట్టి చూడాలి. లెక్కంతా అడుగులు, అంగుళాలు. ఆర్డరు ఈ వారం కాకపోతే వచ్చే వారం వెళ్తుంది, ఎవరూ కొరడా పట్టుకుని కూర్చోరు. మాడ్యులర్ షాపులో అసలు చెక్కే కనపడదు. ప్లైవుడ్డు షీటు మెషీను మీద కోసి వస్తుంది. దానికి మైకా అంటించాలి, అంచుకి టేపు వేయాలి, సొరుగులకు ఛానెళ్లు, తలుపులకు సాఫ్ట్‌క్లోజ్ బందులు బిగించాలి. కొలతలు మిల్లీమీటర్లలో, అవీ వాట్సాప్‌లో వస్తాయి. 562 అని రాసి ఉంటే, అదెన్ని అంగుళాలో మీ తమ్ముడు లెక్క కట్టుకునేలోపు పక్కనున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు స్క్రూ బిగించి టీకి వెళ్లిపోతాడు. నలుగురి ముందు ఆ పరిస్థితి రెండుసార్లు ఎదురైతే యాభైకి దగ్గరపడ్డ మనిషి మూడోసారి నిలబడడు.

అతన్ని గుమ్మాల మేస్త్రీ దగ్గరికి పంపండి. ఇళ్లకు గుమ్మాలు, కిటికీలు, దేవుడి గది తలుపులు చేసే షెడ్లు టింబరు డిపోల పక్కనే ఉంటాయి. తునిలో కుదరకపోతే పిఠాపురం, కాకినాడ దాకా వెతకండి. అక్కడ ఇంకా టేకు, వేప, మద్ది కోస్తున్నారు. చేత్తో జాయింటు దించగలిగే మనిషి దొరక్క ఆ మేస్త్రీలు తలలు పట్టుకుంటున్నారు, ఎందుకంటే కుర్రాళ్లంతా ప్లైవుడ్డు వైపు వెళ్లిపోయారు. సర్టిఫికెట్ ముందు పెట్టకండి. "ఒక గుమ్మం మూల చేసి చూపిస్తాడు, నచ్చితే పెట్టుకోండి" అనండి. మా దగ్గర నేర్చుకున్నవాడు ఆ మూల చేయలేకపోతే నాకు మళ్లీ రాయండి.

జైలు సంగతి మేస్త్రీకి చెప్పాలా అని అడుగుతారు. చెప్పండి. మొదటిరోజే, అతనితోనే చెప్పించండి, రెండు ముక్కల్లో: ఫలానా కేసు, ఇన్నేళ్లు, విడుదలై వచ్చాను. కథంతా వద్దు, కన్నీళ్లూ వద్దు. మీరు దాస్తే మూడోనెలలో ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు పోయేది ఆ ఒక్క పని కాదు, ఆ బజారులో మాటే పోతుంది.

పనికంటే ముందు కాగితాలు చూడండి. 2010లో లోపలికి వెళ్లాడంటే ఆధార్ అప్పుడే మొదలవుతున్న రోజులు. లోపల నమోదు చేయించుకున్నాడో లేదో అడగండి. ఉంటే ఇప్పుడున్న ఫోన్ నంబరు దానికి కలపండి, అది లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి అన్నీ ఆగుతాయి. రేషన్ కార్డులో పేరు తీసేసి ఉంటే మళ్లీ ఎక్కించండి. లోపల చేసిన పని కూలీ ఖాతాలో ఎంత మిగిలిందో, పూర్తిగా ఇచ్చారో లేదో జైలు ఆఫీసులో అడిగే హక్కు అతనికుంది. క్షమాభిక్ష జీవోలో షరతులు ఉంటాయి. సాధారణంగా పూచీకత్తు బాండు, మూడు నెలలకోసారి ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరో పోలీస్ స్టేషన్లోనో కనపడడం. అతనిది తెచ్చి చదివి, తారీఖులు గోడ క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టండి. ఒక్కటి తప్పినా తలనొప్పి అతనికే కాదు, మీకూ.

పీఎం విశ్వకర్మ అనే పథకం ఉంది, 2023 సెప్టెంబరులో మొదలైంది. పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15 వేల వోచరు, ఆ తర్వాత లక్ష దాకా ఐదు శాతం వడ్డీకి అప్పు. కామన్ సర్వీస్ సెంటర్లో దరఖాస్తు పెట్టాలి. కుటుంబానికి ఒక్కరికే. పనిముట్ల మీద ఆశతో ఇప్పుడే పరుగెత్తకండి, ముందు ఎవరిదగ్గరైనా కుదురుకోనివ్వండి. సొంత షెడ్డు, సొంత అప్పు మొదటి ఏడాది వద్దని నా అభిప్రాయం.

ఇక గదిలోంచి రాకపోవడం. అతను వెళ్లినప్పుడు ఒకటే ఆంధ్రప్రదేశ్, వచ్చేసరికి రెండు రాష్ట్రాలు. నోట్లు మారాయి. టీ కొట్టులో కూడా ఫోన్ చూపించి డబ్బులిస్తున్నారు. బజారుకి వెళ్లి రమ్మంటే వెళ్లకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదమ్మా, అక్కడ ఏం చేయాలో తెలియకపోవడం కూడా. ఫోన్‌లో డబ్బు పంపడం మేనల్లుడితో నేర్పించండి. మీరు నేర్పకండి, అక్క దగ్గర మొహమాటం. తెల్లారుజామున లేచి మంచం మీద ఊరికే కూర్చుంటే కంగారుపడకండి, లోపల ఆ వేళకి లెక్క పెట్టేవాళ్లు. ఒంటరిగా కూర్చుని తిండి మానేస్తే మాత్రం కాకినాడ పెద్ద ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయొద్దు.

నాకు ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. పదిహేనుమంది పనివాళ్లు. జైల్లో వెల్డింగ్ నేర్చుకున్నానంటూ ఒకతను వచ్చాడు, దాచకుండా కేసు సంగతి కూడా చెప్పాడు. మనసు ఒప్పుకుంటోంది, భయంగానూ ఉంది. చట్టపరంగా ఇబ్బందులుంటాయా? తాళాలూ అవీ అప్పగించొచ్చా? – షెడ్డు యజమాని, విజయవాడ

శిక్ష అనుభవించి వచ్చిన మనిషిని షెడ్డులో పెట్టుకోవద్దని ఏ చట్టమూ లేదు. మీరు పోలీసులకు చెప్పి అనుమతి తీసుకోవాల్సిన పనీ లేదు. మీరు అడగాల్సింది ఒకటుంది: బయటికి ఎలా వచ్చాడు? శిక్ష పూర్తయిందా, క్షమాభిక్షా, అప్పీలు నడుస్తుండగా బెయిలా, పెరోలా? పెరోల్ అయితే గడువు కాగానే తిరిగి వెళ్లిపోతాడు, ఉద్యోగం మాట వద్దు. బెయిల్ అయితే స్టేషన్లో సంతకాలు, కోర్టు వాయిదాలు ఉంటాయి. ఆ పూటకి సెలవు ఇస్తానని ముందే చెప్పండి. మీరు ఇవ్వకపోతే అతను అబద్ధం చెప్పి వెళ్తాడు, లేదా వాయిదాకి పోక వారంటు తెచ్చుకుంటాడు. విడుదల సర్టిఫికెట్ జిరాక్సు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అసలుది మీ దగ్గర ఉంచుకోకండి, కొందరు ఉంచుకుంటున్నారు, అది మనిషిని కట్టేసుకోవడమే.

పని పరీక్షించండి. జైలు స్టీల్ యూనిట్లలో చేసేది బీరువాలు, మంచాలు, పల్చని రేకు. మీది దళసరి ఛానెలు, యాంగ్లరు. రేకు వెల్డరుకి చేయి తేలిక, మీ పనికి వేడి ఎక్కువ పెట్టాలి. రెండు ముక్కలిచ్చి అతికించమనండి, వంచి చూడండి. వారంలో అలవాటు పడతాడు.

జీతం దగ్గర నాకు గట్టి పట్టింపుంది. అదే పని చేసే మిగతా వెల్డరుకి ఎంతిస్తే అతనికీ అంతే. "జైలు నుంచి వచ్చాడు, ఎంతిచ్చినా చేస్తాడు" అని సగం ఇచ్చే దయగలవాళ్లను చాలామందిని చూశాను. ఆ మనిషి రెండు నెలల్లో వెళ్లిపోతే "వాళ్లింతే" అని అదే నోటితో అంటారు. మీకు పదిహేనుమంది ఉన్నారంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, నెలజీతం 21 వేలు దాటకపోతే అతని పేరూ ఎక్కించండి.

తాళాల సంగతి. అతని కేసేమిటో మీరు రాయలేదు, నాకూ అక్కర్లేదు. మీకు మాత్రం కావాలి. దొంగతనం కేసులో నాలుగుసార్లు వెళ్లొచ్చినవాడికి మొదటి నెలలో స్టోరు తాళం ఇవ్వడం అతనికీ మంచిది కాదు. ఒక్క రోజు కోపంలో ఒక్క నేరం చేసి పన్నెండేళ్లు ఉండి వచ్చినవాడు వేరు. లోపల ఆఫీసర్ల వంటశాలలో, స్టోరులో, ఆస్పత్రిలో నమ్మి పెట్టేది అలాంటివాళ్లనే. ఒకటి మాత్రం ముందుగా అనుకోండి. షెడ్డులో ఎప్పుడో ఒకప్పుడు ఒక కాపర్ కేబులు పోతుంది, పోని షెడ్డు లేదు. ఆ రోజు అందరి చూపూ అతని మీదికే వెళ్తుంది. మీరేం చేస్తారో అక్కడ తేలుతుంది. వెతికితే అందరి సంచులూ వెతకండి, మీ మేనేజరుదితో సహా.

నా మీద 2016లో కొట్లాట కేసు పెట్టారు. కొన్నాళ్లు రిమాండ్‌లో ఉన్నాను. 2019లో కోర్టు కొట్టేసింది. కానీ రౌడీషీటు అలాగే ఉంది. వినాయక చవితి వచ్చినా, ఎలక్షన్ వచ్చినా స్టేషన్‌కి పిలుస్తారు, ఫొటో తీస్తారు, బైండోవర్ అంటారు. సెక్యూరిటీ ఏజెన్సీలో గార్డు ఉద్యోగం వెరిఫికేషన్లో పోయింది. ఏం చేయాలి సార్? – వరంగల్

బాబూ, రౌడీషీటు శిక్ష కాదు, కోర్టు ఇచ్చింది కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం స్టేషన్లో ఉంచుకునే రికార్డు అది. ఒకసారి తెరిస్తే చచ్చేదాకా ఉండాలని ఆ ఆర్డర్లలోనూ లేదు. ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా ఉంచి, ఆ తర్వాత కొనసాగించాలంటే గెజిటెడ్ ర్యాంకు అధికారి ఉత్తర్వు ఉండాలి. కొత్త కారణం లేకుండా ఏటా ముద్ర కొట్టి పొడిగించడం కుదరదని హైకోర్టు చాలా కేసుల్లో చెప్పింది.

కాబట్టి ఇలా చేయండి. కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీయించండి, జిరాక్సు చాలదు. 2019 తర్వాత మీ మీద ఏ కేసూ లేదని, ఫలానా చోట ఉంటున్నానని, ఫలానా పని చేస్తున్నానని దరఖాస్తు రాసి ఏసీపీకి, కమిషనరేట్‌లో డీసీపీకి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. స్టేషన్ రైటరుకి చేత్తో ఇచ్చి వచ్చేస్తే అది ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. రెండు మూడు నెలల్లో జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయండి. డబ్బు లేకపోతే హైకోర్టు న్యాయసేవల కమిటీ లాయర్ని పెడుతుంది. ఎస్సీ, ఎస్టీ అయితే ఆదాయంతో సంబంధం లేదు. బైండోవర్ అంటే గొడవ చేయనని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ముందు, మండలాల్లో తహసీల్దారు ముందు, రాసిచ్చే బాండు. ఇప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 126వ సెక్షన్, పాత సీఆర్పీసీలో 107. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదివి పెట్టండి.

గార్డు ఉద్యోగం మీదే ఎందుకు పట్టుబడతారు మీరంతా? విడుదలైనవాళ్లకు చుట్టాలు మొదట చెప్పేది వాచ్‌మన్ ఉద్యోగమే. 2005 నాటి చట్టం ప్రకారం సెక్యూరిటీ ఏజెన్సీలు గార్డు నడవడి, పూర్వాపరాలు తనిఖీ చేయించి తీరాలి. తలుపులన్నిట్లోకీ గట్టిగా మూసిన తలుపు దగ్గరికి ముందు వెళ్తున్నారు. మీకు ఆటో నడపడం వచ్చని రాశారుగా. షీటు తీయించుకునేదాకా ఏదైనా కిరాణా హోల్‌సేలు కొట్టుకి సరుకులు తోలండి.

కొట్లాట కేసులో 2018లో మూడేళ్ల శిక్ష పడింది, 2020లో విడుదలయ్యాను. వేరే కేసులు లేవు. దుబాయ్ పోదామంటే ఏజెంటు "కేసు సంగతి పాస్‌పోర్టు ఫారంలో రాయకు, నేను చూసుకుంటా, 40 వేలు ఇయ్యి" అంటున్నడు. – జగిత్యాల

ఇవ్వకండి. పాస్‌పోర్టు చట్టం (1967) ఆరో సెక్షన్ ప్రకారం నిరాకరించడానికి కారణమయ్యేది దరఖాస్తు తేదీకి ముందు ఐదేళ్లలో, నైతిక పతనం కిందికి వచ్చే నేరానికి, రెండేళ్లకు తక్కువ కాని శిక్ష పడితే. లెక్క శిక్ష పడిన తేదీ నుంచి, విడుదలైన తేదీ నుంచి కాదు. మీకు ఐదేళ్లు ఎప్పుడో దాటాయి. ఫారంలో అడిగేదీ ఆ ఐదేళ్ల సంగతే, కాబట్టి మీరు "లేదు" అని రాస్తే అది నిజమే. ఆ ఏజెంటు మీకు నిజం రాసిపెట్టడానికి 40 వేలు అడుగుతున్నాడు.

విచారణకి వచ్చిన కానిస్టేబుల్ అడిగితే మాత్రం దాచకండి, తీర్పు కాపీ, విడుదల సర్టిఫికెట్ చూపించండి. కోర్టులో కేసు నడుస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే అదే చట్టం కింద మళ్లీ జైలు. ఇక వీసా ఇచ్చే దేశం పోలీస్ క్లియరెన్సు అడగొచ్చు, అది వాళ్లిష్టం. డబ్బు కట్టేముందు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ ఏజెంటు పేరుందో లేదో చూడండి. రిజిస్టరైనవాడు తీసుకోగల సర్వీసు చార్జీ 30 వేలు, మీద జీఎస్టీ. మీవాడు పాస్‌పోర్టు గడప దగ్గరే 40 అంటున్నాడు, పేరు ఉండకపోవచ్చు.

ధవళేశ్వరంలో అక్క ఇంట్లో ఉంటున్నాను. మా తమ్ముడి భార్య చనిపోయిన కేసులో ఏడేళ్లు చేశాను. నేను ఉన్నన్నాళ్లూ మా ఆయన ఒక్కసారి ములాఖత్‌కి రాలేదు, ఇప్పుడు గుమ్మం ఎక్కనివ్వడు. కుట్టుపని వచ్చు. డ్వాక్రా గ్రూపులో చేర్చుకోమంటే మొహం తిప్పుకున్నారు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, నేను కనపడొద్దని కబురు పంపారు. – పేరు వద్దు

తల్లీ, కేసు గురించి నేను మాట్లాడను. అక్కడ ఒక పిల్ల చనిపోయింది, ఆ పిల్లకీ అమ్మానాన్న ఉంటారు. కోర్టు చెప్పిన ఏడేళ్లూ మీరు చేశారు. ఇక ఎనిమిదో ఏడు వేయడానికి మీ ఆయనకీ, గ్రూపు లీడరుకీ అధికారం లేదు.

మగవాళ్లు విడుదలైన రోజు గేటు దగ్గర ఆటోలో భార్యో, తల్లో ఉంటుంది. ఆడవాళ్లకి చాలాసార్లు ఎవరూ ఉండరు. బస్‌చార్జీలు చేతిలో పెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సుకి ఎటు వెళ్లాలని గేటు దగ్గర సెంట్రీని అడిగినవాళ్లని చూశాను. మీకు అక్క ఉంది, అది చిన్న సంగతి కాదు. అక్క ఇంట్లో కూడా కుదరని రోజు వస్తే శక్తి సదన్ అని ప్రభుత్వ వసతి గృహాలున్నాయి, ఇదివరకు స్వధార్ గృహాలనేవారు. జైలు నుంచి వచ్చి నా అనేవాళ్లు లేని ఆడవాళ్లని చేర్చుకోవాలని ఆ పథకంలోనే ఉంది. మహిళా హెల్ప్‌లైను 181కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

కుట్టుపనికి డ్వాక్రా వాళ్ల దయ అక్కర్లేదు. మీకు పక్కనే రాజమండ్రి తాడితోట. అక్కడి హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్సులో నైటీలు, లంగాలు అమ్మే షాపులు బోలెడు. కత్తిరించిన గుడ్డ ఇచ్చి పీసు లెక్కన కుట్టించుకుంటారా అని అడుగుతూ వెళ్లండి. ఉదయం బేరాల వేళ కాదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి, అప్పుడు ఓనరు నింపాదిగా మాట్లాడతాడు. మీరు కుట్టిన నైటీ ఒకటి సంచిలో పెట్టుకోండి. తిప్పి లోపలి కుట్టు చూపించండి. జైల్లో కుట్టు నేర్చుకున్నవాళ్ల పనిలో నేను మెచ్చేది అదే, లోపలి వైపు దారాలు వేలాడవు. మొదటిసారి పది పీసులిస్తారు. చెప్పిన రోజుకి తిరిగివ్వండి. మీ కేసేమిటని ఆ ఓనరు అడగడు, సైజు తప్పిందా లేదా అని అడుగుతాడు. ఆర్నెల్లయ్యాక మీలాగే కుట్టేవాళ్లు మరికొందరు తోడైతే పదిమందితో మీదే కొత్త సంఘం పెట్టుకోండి.

మీ ఆయన సంగతి: మనోవర్తి అడగాలో, విడిగా ఉండాలో మీ ఇష్టం. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, రాజమండ్రి కోర్టు ఆవరణలో అడగండి. అమ్మాయి పెళ్లి దగ్గర మాత్రం వాళ్ల మాట వినకండి. పెళ్లికొడుకు వాళ్లకి తల్లి సంగతి ముందే చెప్పమని కబురు పంపండి. పెళ్లయ్యాక తెలిస్తే ఆ పిల్లని రోజూ పొడుస్తారు. చెప్పినందుకు పోయే సంబంధం పోనివ్వండి.

మా వాడు బీటెక్ చదివి ఖాళీగా ఉన్నాడు. హంతకులకు మాత్రం పెట్రోలు బంకుల్లో ఉద్యోగాలు! నేరం చేస్తేనే కొలువా? మీ శీర్షిక చదివితే ఒళ్లు మండుతుంది. – హనుమకొండ

మండనివ్వండి, కానీ లెక్క తెలుసుకుని మండనివ్వండి. చంచల్‌గూడ జైలు దగ్గరున్నటువంటి బంకులకి జైళ్ల శాఖే డీలరు. వచ్చే కమీషన్ శాఖకే వెళ్తుంది. అక్కడ పట్టేది పైపు, చేసేది షిఫ్టు, ఇచ్చేది కూలీ. మీ బీటెక్ అబ్బాయి ఆ పనికి దరఖాస్తు పెట్టుకున్నాడా? 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మందిని ముందస్తుగా వదిలినప్పుడు వాళ్లలో కొందరికి ఆ బంకుల్లోనే పని ఇచ్చారు. మిగతావాళ్లు వాళ్ల ఊళ్లకి వెళ్లారు. మీ ఊరికి కూడా వచ్చి ఉండొచ్చు. పని ఉన్నవాడు వస్తే మీకు నయమా, లేనివాడు వస్తే నయమా?

మీ కోపంలో న్యాయమైనది ఒకటుంది, మీరే రాయలేదు. చచ్చిపోయినవాడి కుటుంబానికి ఏమిచ్చారు? ఖైదీ కూలీలోంచి కొంత బాధితులకు పరిహారంగా పక్కన పెట్టే ఏర్పాటు చేయాలని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎంతవరకు చేరుతోందని జైళ్ల శాఖని సమాచార హక్కు కింద అడగండి. జవాబు వస్తే నాకూ పంపండి, ఇక్కడే వేస్తాను.

పదిహేనేళ్లప్పుడు బైకు దొంగతనం కేసులో అబ్జర్వేషన్ హోంలో ఉన్నాను. ఇప్పుడు 22. కానిస్టేబుల్ పరీక్ష రాస్తున్నా. అటెస్టేషన్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని ఉంది. – కర్నూలు

2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్: ఆ వయసులో జరిగినదానికి తర్వాత ఏ అనర్హతా అంటదు, రికార్డు కూడా నిర్ణీత గడువయ్యాక తీసేయాలి. కాకపోతే పెద్దవాళ్ల కేసుల్లో ఫారంలో దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చని 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో చెప్పింది. ఉద్యోగ నియామక బోర్డులన్నీ ఈ రెండింటినీ విడిగా చూడవు, కలిపేస్తాయి. అందుకని ఆ గడిలో ఒంటరిగా ఏదీ రాయకండి. జువెనైల్ జస్టిస్ బోర్డు ఆర్డరు కాపీ తీసుకుని, న్యాయసేవాధికార సంస్థ లాయరు ఎదురుగా కూర్చుని, 24వ సెక్షన్ ప్రస్తావిస్తూ నింపండి. ఇప్పుడే వెళ్లండి, సెలెక్షన్ లిస్టు వచ్చాక కాదు.

మా ఆయనకి బెయిల్ వచ్చి నెల దాటింది. జామీను ఇచ్చేవాళ్లు లేక సబ్‌జైల్లోనే ఉన్నాడు. పనిచేసే హోటలువాళ్లు ఇంకో పదిరోజులు చూస్తామన్నారు. – నంద్యాల

రేపే న్యాయసహాయం హెల్ప్‌లైను 15100కి ఫోన్ చేయండి. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటే న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని, నెలలో పూచీ కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడొచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీలకు కేంద్రం పథకం ఉంది, విచారణ ఖైదీ పూచీకి డబ్బు ఇస్తారు, జిల్లాలో కమిటీ ఉంటుంది. ఏ కేసన్నది మీరు రాయలేదు. కొన్ని రకాల కేసులకు అది వర్తించదు. జామీను ఇప్పిస్తామని కోర్టు గేటు దగ్గర పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకు తిరిగేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. దొంగ జామీనని తేలితే బెయిలే పోతుంది. హోటలాయన ఫోన్ నంబరు రాశారు కాబట్టి నేను మాట్లాడాను. ఈ నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

జైలుకి వెళ్లొచ్చినవాళ్లకి ఓటు ఉండదంట కదా? – పలాస

ఉంటుంది. లోపల ఉన్నన్నాళ్లే ఉండదు. పేరు తీసేసి ఉంటే ఫారం 6 నింపి మీ పోలింగ్ బూత్ అధికారి (బీఎల్ఓ)కి ఇవ్వండి.

*ఉత్తరాలు పంపేవారికి: విడుదల సర్టిఫికెట్, తీర్పు కాపీల అసళ్లు పంపకండి. పోయినసారి ఇద్దరు పంపారు, రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపాం. జిరాక్సు చాలు. ఏ పని వచ్చో, ఏ ఊరి దాకా వెళ్లగలరో తప్పక రాయండి.*